రెండు పట్టాలు: మిర్చి చేల నడుమ ఇంటి కథ

ఈ ఎపిసోడ్‌ని నా తప్పు ఒకటి ఒప్పుకోవడంతో మొదలుపెడతాను.

ఫిబ్రవరిలో మనం మిర్చి కోతల మీద ఒక వీడియో చేశాం, గుర్తుందా? గుంటూరు దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఎర్రటి కళ్లాలు, సాయంత్రం ఎండ, పైనుంచి డ్రోన్ షాట్. ఆ షాట్‌లో ఒక చేను గట్టున నీలం రంగు డేరాలు వరసగా కనిపిస్తాయి. వాటిని చూసి నేను నవ్వుతూ "చూడండి, ఫుల్ క్యాంపింగ్ వైబ్" అన్నాను. వీడియో బాగానే వెళ్లింది. రెండు రోజుల తర్వాత ఒక మెసేజ్ వచ్చింది. కర్నూలు జిల్లా కోసిగి దగ్గర ఒక పల్లె నుంచి, డిగ్రీ ఫస్టియర్ చదివే కుర్రాడు. "అన్నా, ఆ డేరాల్లో ఎడమ నుంచి మూడోది మాది. మా అమ్మానాయన అందులోనే ఉన్నారు. క్యాంపింగ్ కాదన్నా, సుగ్గికి వచ్చినారు."

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. తర్వాతి ఆదివారం కెమెరా బ్యాగులోనే ఉంచి మళ్లీ ఆ చేను దగ్గరికి వెళ్లాను. పెద్దావిడ ఒకామె మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం వండుతోంది. ఏం అడగాలో తెలియక, "ఇక్కడ ఇల్లు లేకుండా ఎట్లా ఉంటున్నారమ్మా?" అన్నాను. ఆమె నా వైపు వింతగా చూసింది. "ఇల్లు లేకేం నాయనా, ఉండాది. బీగం ఏసి వచ్చినాం" అంది.

ఈ ఎపిసోడ్ మొత్తం ఆ ఒక్క మాట గురించే. ఇల్లు ఉంది. తాళం వేసి ఉంది. మనిషి మాత్రం 350 కిలోమీటర్లకు పైగా దూరంలో, పట్టా కింద పడుకుంటోంది.

మన గుంటూరు, ప్రకాశం వైపు పట్టా అంటే రెండు అర్థాలు. ఒకటి, కళ్లంలో మిర్చి మీద వాన పడకుండా కప్పే టార్పాలిన్ పట్టా. రెండోది, తహసీల్దారు సంతకంతో చేతికొచ్చే ఇంటి స్థలం పట్టా. ఒకటి గుడ్డ, ఒకటి కాగితం. గత నూరేళ్లలో ఈ మైదానంలో ఇల్లు లేనివాళ్ల కథంతా ఆ గుడ్డ నుంచి ఈ కాగితం దాకా చేసిన ప్రయాణమే. దారిలో మనం అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది: ఇల్లు ఎక్కడ ఉండాలో ఎవరు నిర్ణయించారు?

మ్యాప్ ఓపెన్ చేయండి. బాపట్ల, చీరాల మధ్య రైలు లైన్ మీద వేలు పెట్టండి. మొదటి కథ అక్కడే.

ఇల్లు ఇచ్చారు, గేటు కూడా పెట్టారు

బాపట్ల దాటాక వచ్చే స్టేషన్ స్టూవర్టుపురం. ఈ పేరు చెప్పగానే మీకు సినిమాలు గుర్తొస్తాయి. 1991లో చిరంజీవి సినిమా, 2023లో రవితేజ సినిమా. దొంగలు, పోలీసులు, ఛేజింగులు. కానీ ఆ ఊరు ఎందుకు పుట్టిందో మాత్రం ఎవరూ చెప్పరు. నేనూ బీటెక్ అయ్యేదాకా వినలేదు.

సింపుల్‌గా చెప్తాను. ఎరుకల వాళ్లు ఒకప్పుడు తీరం నుంచి ఉప్పు, లోపలి ఊళ్ల నుంచి ధాన్యం ఎద్దుల మీద, గాడిదల మీద వేసుకుని తిరుగుతూ అమ్మేవాళ్లు. తిరగడమే వాళ్ల వ్యాపారం. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద ప్రభుత్వ పెత్తనం పెరిగింది, ఆ వ్యాపారం దెబ్బతింది. తిరిగే మనిషిని చూస్తే బ్రిటిష్ ప్రభుత్వానికి అనుమానం. పన్ను ఎక్కడ వేయాలి? పేరు ఎక్కడ రాయాలి? 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో కొత్త చట్టంతో దాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తీసుకొచ్చారు. ఆ చట్టం ప్రకారం ఒక మనిషి నేరం చేశాడా లేదా అన్నది లెక్క కాదు. ఏ కులంలో పుట్టాడన్నదే లెక్క.

1913లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతికి ఇచ్చి, ఇక్కడ ఒక సెటిల్‌మెంట్ పెట్టారు. మద్రాసు గవర్నరు కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్ట్ పేరు ఊరికి పెట్టారు. ఇళ్లు ఇచ్చారు, సాగుకు భూమి చూపించారు. బడి పెట్టారు. చీరాలలో పొగాకు కంపెనీ ఫ్యాక్టరీలో పని కూడా చూపించారు.

పేపర్ మీద చూస్తే ఇది సూపర్ హౌసింగ్ స్కీమ్. ఇల్లు, భూమి, బడి, ఉద్యోగం, నాలుగూ ఉన్నాయి. ఈ రోజు ఏ ప్రభుత్వమైనా ఇవన్నీ కలిపి ఇస్తే మనం చప్పట్లు కొడతాం.

కానీ ఇంకో వైపు చూడండి. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పర్మిషన్ కావాలి. చెప్పకుండా వెళ్తే అదే నేరం. 6 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ఉంచే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ ఇంట్లో పడుకునే మనిషిని "నీకు ఈ ఊరు ఇష్టమేనా?" అని అడిగినవాళ్లు లేరు. పైకప్పు ఉంది, తలుపు ఉంది. ఆ తలుపు తీసుకుని బయటికి నడిచి వెళ్లే హక్కు మాత్రం లేదు.

1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది, ముద్ర పోలేదు. ఆ ఊరి కుర్రాడు ఇంటర్వ్యూకి వెళ్లి అడ్రస్ చెప్తే అవతలి మనిషి కళ్లు ఎట్లా మారతాయో ఒక్కసారి ఊహించుకోండి. ప్రభుత్వం ఇచ్చిన ఇల్లే ఆ మనిషి మీద కేసులాగా తయారైంది. ఎక్కడ ఉండాలో నువ్వు ఎంచుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ కనిపించలేదు.

పని ఉంటేనే గుడిసె

ఇక మన ఊళ్లకి వద్దాం. మీ నాయనమ్మనో తాతయ్యనో అడగండి, పాతకాలంలో కూలివాళ్ల ఇళ్లు ఎక్కడ ఉండేవని. ఊరికి దూరంగా పల్లె. మాలపల్లె, మాదిగపల్లె. అక్కడా చాలామందికి గుడిసె వాళ్లదే గానీ కింద నేల వాళ్లది కాదు. కొందరు ఆసామి దొడ్లోనో చేను పక్కనో గుడిసె వేసుకునేవాళ్లు. ఆసామికి కోపం వస్తే పని పోతుంది. పనితో పాటు గుడిసె కూడా పోతుంది. ఇల్లు, ఉద్యోగం ఒకే మనిషి చేతిలో ఉంటే నువ్వు ఆ మనిషితో గట్టిగా మాట్లాడలేవు. కంపెనీ క్వార్టర్స్‌లో ఉన్నవాళ్లని అడిగినా ఈ మాట ఒప్పుకుంటారు. అక్కడైతే కనీసం నోటీస్ పీరియడ్ ఉంటుంది.

దీన్ని మార్చాలన్న ఆలోచన చట్టాల్లోకి రావడానికి 1970ల దాకా పట్టింది. 1975లో ఇందిరాగాంధీ 20 సూత్రాల కార్యక్రమంలో భూమి లేని కూలీలకు ఇళ్ల స్థలాలు ఒక సూత్రం. 1976లో మన రాష్ట్రం ఒక చట్టం చేసింది: ఇంకొకరి నేల మీద గుడిసె వేసుకుని బతికే కూలీలకు, చేతివృత్తుల వాళ్లకు ఆ ఇంటి జాగా మీద యాజమాన్య హక్కు ఇవ్వాలని. 1977లో ఇంకో చట్టం: ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమిని, ఇంటి స్థలాన్ని ఎవరూ కొనకూడదు, అమ్మకూడదు అని. పేదవాడి అవసరం చూసి పెద్దవాళ్లు కొనేయకుండా అన్నమాట. 1979లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ పుట్టింది. 1983లో ఎన్టీఆర్ వచ్చాక పక్కా ఇళ్ల కార్యక్రమం పెద్ద ఎత్తున నడిచింది.

అంటే గుడ్డ పట్టా నుంచి కాగితం పట్టా వైపు అడుగులు పడ్డాయి. నిజమైన అడుగులే. నేను వాటిని తక్కువ చేయను. కానీ ఆ కాగితం మీద రాసిన స్థలం ఎక్కడుండేది? చాలా ఊళ్లలో పాత పల్లెని ఆనుకునే. కొత్త కాలనీ, పాత హద్దు. ఇల్లు పక్కాది అయింది, ఊరు చూసే చూపు మారలేదు. దాని ఫలితం 1985లో బయటపడింది.

వెనక్కి వెళ్లం అన్నారు

మళ్లీ మ్యాప్. స్టూవర్టుపురం నుంచి రైలు లైన్ వెంట దక్షిణానికి వస్తే చీరాల. చీరాలకు దగ్గర్లోనే కారంచేడు. అప్పట్లో ఇవి ప్రకాశం జిల్లాలో ఉండేవి, 2022 నుంచి బాపట్ల జిల్లా.

1985 జులై 16. మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర గొడవ. తాగే నీళ్లు పాడు చేయొద్దు అని అడిగినందుకు మొదలైంది. మర్నాడు, జులై 17 పొద్దున, పల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు దళితుల్ని చంపారు. ఆడవాళ్ల మీద అఘాయిత్యాలు చేశారు. బతికినవాళ్లు చేలకి అడ్డం పడి చీరాలకు పరుగెత్తారు. అక్కడ చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ క్షణంలో ఆ కుటుంబాలు ఏ లెక్క ప్రకారం ఇల్లు లేనివాళ్లు? ఊళ్లో వాళ్ల ఇళ్లు ఉన్నాయి. గోడలు ఉన్నాయి. కానీ ఆ ఇళ్లలో పడుకోవడం కుదరదు. ఏ సర్వే ఫారంలోనూ దీనికి కాలమ్ లేదు.

ఇట్లాంటి సంఘటన జరిగినప్పుడు ప్రభుత్వాలు మామూలుగా చేసేది ఒకటుంది. ఊళ్లో పోలీసు పికెట్ పెడతారు, పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ మాటలు మాట్లాడిస్తారు, "ఇక భయం లేదు, మీ ఇళ్లకు మీరు వెళ్లండి" అంటారు. అది పాత పద్ధతి. కారంచేడు వాళ్లు ఆ పద్ధతికి ఒప్పుకోలేదు. వెనక్కి వెళ్లం అన్నారు. మాకు చీరాలలోనే ఇళ్లు కావాలి అన్నారు.

ఇది చిన్న మాట కాదు. కూలి ఊళ్లో ఉంది, తెలిసిన పని పొలం పని. టౌన్‌లో ఏం చేసి బతకాలో తెలియదు. అయినా ఆ రిస్క్ తీసుకున్నారు. వాళ్లకి అండగా కత్తి పద్మారావు, బొజ్జా తారకం లాంటివాళ్లు నిలబడ్డారు. తారకం హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేసి మరీ వచ్చారు. ఆ శిబిరంలో నుంచే ఆ సెప్టెంబరులో దళిత మహాసభ పుట్టింది. చివరికి ప్రభుత్వం చీరాలలో స్థలం ఇచ్చి ఇళ్లు కట్టించాల్సి వచ్చింది. అదే విజయనగర్ కాలనీ. ఈ రోజుకీ జులై 17 వచ్చిందంటే చనిపోయినవాళ్లని తలుచుకునేది ఆ కాలనీలోనే.

ఇక్కడ నేను అందంగా కథ ముగించి వెళ్లిపోవచ్చు. కానీ నిజం చెప్పాలి. పొలం పని పోయాక టౌన్‌లో దొరికిన పనితో ఆ కుటుంబాలు చాలా కష్టపడ్డాయి. కోర్టు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2008 డిసెంబరులో గానీ తేలలేదు. అంటే 23 ఏళ్లు. ఇల్లు వచ్చినంత మాత్రాన అన్నీ వచ్చినట్టు కాదు. అయినా ఒకటి మాత్రం కొత్తగా జరిగింది. ఈ మైదానంలో ఇల్లు లేని పేదవాళ్లు తమ ఇల్లు ఎక్కడ ఉండాలో తామే చెప్పారు, ప్రభుత్వంతో ఒప్పించారు.

ఆరేళ్ల తర్వాత, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. మిగిలినవాళ్లు తెనాలికి వెళ్లి తలదాచుకున్నారు. అక్కడివాళ్లు ఇంకో దారి ఎంచుకున్నారు. చనిపోయినవాళ్లని ఊరి నడిమధ్యలోనే పూడ్చారు. ఆ చోటుని రక్తక్షేత్రం అంటారు. ఊరు మాది కూడా, వదిలిపెట్టం అని. కారంచేడు వాళ్లు వెళ్లిపోవడం, చుండూరు వాళ్లు తిరిగి రావడం, రెండూ ఎదురెదురు దారుల్లాగా కనిపిస్తాయి. కానీ రెండు చోట్లా నిర్ణయం ఆ మనుషులదే.

ఇట్లాంటి దాడుల వల్ల చట్టంలో కూడా మార్పు వచ్చింది. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. 1995లో దాని రూల్స్ వచ్చాయి. ఇల్లు తగలబెట్టినా కూల్చినా ప్రభుత్వ ఖర్చుతో ఇటుకల ఇల్లో రాతి ఇల్లో కట్టించాలని ఆ రూల్స్‌లో ఉంది. ఇది మీలో ఎవరికైనా ఎప్పుడైనా అవసరం పడొచ్చు. గుర్తుపెట్టుకోండి. అది ఎవరో జాలిపడి ఇచ్చేది కాదు, రూల్.

కాగితం చేతిలో ఉంది, ఇల్లు ఏదీ?

ఇప్పుడు మన టైమ్‌కి వద్దాం. మీలో చాలామంది ఇంట్లో ఈ మధ్య ఇంటి పట్టా గురించి మాట్లాడుకునే ఉంటారు. 2020 డిసెంబరు 25న అప్పటి ప్రభుత్వం ఇళ్ల పట్టాల పంపిణీ మొదలుపెట్టింది. పల్లెల్లో ఒకటిన్నర సెంటు, టౌన్లలో ఒక సెంటు. సెంటు అంటే 48 గజాల చిల్లర. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో 3 సెంట్లు, టౌన్లలో 2 సెంట్లు ఇస్తామంది. ఎవరిది గొప్ప అనే గొడవలోకి నేను వెళ్లను, మీ ఇంట్లో ఆ డిబేట్ రోజూ నడుస్తూనే ఉంటుంది కదా.

నేను చూసేది ఇంకోటి. 2023 మే నెలలో గుంటూరు, విజయవాడ వైపు పేదలు 50 వేలమందికి పైగా అమరావతిలోని ఆర్-5 జోన్‌లో పట్టాలు అందుకున్నారు. రాజధాని కోసం భూములు ఇచ్చిన రైతులు ఇది మాకిచ్చిన మాటకి విరుద్ధం అని కోర్టుకి వెళ్లారు. ఆగస్టు మొదట్లో హైకోర్టు ఇళ్ల నిర్మాణం ఆపమంది. రైతుల బాధ రైతులది, అందులో న్యాయం లేదని నేను అనను. కానీ పట్టా పట్టుకుని ఫోటో దిగిన ఆ తల్లిని ఎవరైనా ముందే అడిగారా? "అమ్మా, నువ్వు పనిచేసేది గుంటూరులో. ఇక్కడ ఇల్లు ఇస్తే నీ పని ఏమవుతుంది?" అని? ఆమె పేరు మీద రెండు పక్షాలూ మాట్లాడాయి. ఆమె చేతిలో కాగితం ఉంది. తలమీద మాత్రం అద్దింటి కప్పే.

టౌన్లో ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ల సంగతి ఇంకో రకం. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, నగరాల్లో లక్ష జనాభాకి ఒక షెల్టర్ ఉండాలన్న లెక్క వచ్చింది. 2013లో మొదలైన పట్టణ జీవనోపాధుల మిషన్ దాన్ని స్కీమ్‌గా మార్చింది: మనిషికి కనీసం 50 చదరపు అడుగులు, ఏడాది పొడవునా తెరిచి ఉండాలి. మన దగ్గర మున్సిపాలిటీలు, మెప్మా కలిసి చూసేవి ఇవి. రైల్వే స్టేషన్ బయటో బస్టాండ్‌లోనో ఎవరైనా ముసలాయన చలికి ముడుచుకుని పడుకుంటే వీడియో తీయొద్దు. మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ చేసి షెల్టర్ ఎక్కడుందో అడగండి. వాళ్ల దగ్గర సమాధానం లేకపోతే, లక్షకి ఒకటి అన్న లెక్క గుర్తుచేయండి.

మళ్లీ ఆ చేను గట్టు దగ్గరికి

ఇప్పుడు చెప్పండి. ఆ పెద్దావిడ ఈ లిస్టులో ఎక్కడ ఉంది?

ముందు ఆమె ఇక్కడికి ఎందుకు వచ్చిందో చూద్దాం. 1955లో నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. కుడి కాలువ పల్నాడు మీదుగా ప్రకాశం దాకా వెళ్లింది. నీళ్లతో పాటు పత్తి, మిర్చి పెరిగాయి. రెండూ మనిషి చెయ్యి లేకపోతే ఇంటికి రాని పంటలు. మిర్చి ఒకేసారి పండదు. పండిన కాయని మాత్రమే చేత్తో తెంపాలి, మళ్లీ కొన్ని రోజులకి ఇంకో కోత, అట్లా మూడు నాలుగు కోతలు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ ఊళ్లలో ఉన్న చేతులు సరిపోవు. సరిగ్గా అదే టైమ్‌లో కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు వాన పంట అయిపోయి పని ఉండదు. ఇక్కడ చేతులు తక్కువ, అక్కడ పని తక్కువ. మేస్త్రీ ఫోన్ చేస్తాడు, బండి ఎక్కుతారు. దాన్నే అక్కడ సుగ్గి అంటారు.

ఆమెకి ఊళ్లో ఇల్లు ఉంది కాబట్టి ఇళ్ల స్కీమ్‌కి ఆమె అర్హురాలు కాదు. టౌన్‌లో లేదు కాబట్టి షెల్టర్ స్కీమ్ వర్తించదు. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది, 2025 దాకా అమల్లో ఉంది, అందులో కూలీలకు ఉండటానికి వసతి చూపించాలని ఉండేది. కానీ పేరులోనే ఉంది చూడండి, అంతర్రాష్ట్ర. రాష్ట్రం దాటి వెళ్తేనే. కర్నూలు నుంచి గుంటూరు ఒకే రాష్ట్రం. 2020లో కోవిడ్ లాక్‌డౌన్ తర్వాత వలస కూలీలకు అద్దె ఇళ్ల స్కీమ్ తెచ్చారు, అది పట్టణాలకి. ఒక్కటి మాత్రం ఉంది. పిల్లలు వెంట వచ్చి చదువు పాడుకాకుండా కర్నూలు వైపు సీజనల్ హాస్టళ్లు నడిపారు. మంచి పని. కానీ ఇక్కడ, చేను దగ్గర, ఆమెకి ఏమీ లేదు.

ఇంకో విషయం చూడండి. 2011 జనాభా లెక్కల్లో ఇల్లు లేనివాళ్లని ఒకే రాత్రి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద సుమారు 17.7 లక్షలమంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షలు. ఆ రాత్రి ఫిబ్రవరి 28. సరిగ్గా మిర్చి కోతల నడుమ. ఫ్లైఓవర్ల కింద, ప్లాట్‌ఫారాల మీద, గుళ్ల మండపాల్లో టార్చి లైట్లు వేసుకుని వెతికారు. చేను గట్టున తాటాకులు, పట్టాలు కప్పుకుని పడుకున్న మనిషిని ఏ పేరుతో రాసుకుంటారు? ఇల్లు ఉన్నమనిషి అనా? లేనిమనిషి అనా?

నాకు కోడ్ రాసిన రోజులు గుర్తొచ్చాయి. ప్రోగ్రామ్‌లో రెండే ఆప్షన్లు పెడితే, ఆ రెండింటిలోనూ ఇమడని డేటా వచ్చినప్పుడు సిస్టమ్ ఎర్రర్ కూడా చూపించదు. చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఇక్కడా అదే జరిగింది.

"రైతే షెడ్డు కట్టించొచ్చు కదా" అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. ఆ చేను రైతుని అడిగాను. ఆయన నవ్వి, "చేనే నాది కాదు బాబూ, కౌలు. వచ్చే ఏడు ఇది నా చేతిలో ఉంటదో లేదో. ఎవరి నేలలో షెడ్డు కట్టేది?" అన్నాడు. చూశారా? పట్టా లేని రైతు, పట్టా కింద పడుకున్న కూలీ. ఇద్దరిదీ ఒకటే కథ.

మరి ఎవరు కట్టాలి? ఇది నా ఆలోచన, మీకు ఇంతకంటే మంచిది తడితే చెప్పండి. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత మన తీరం వెంట తుఫాను షెల్టర్లు కట్టారు. ఏడాదికి ఒకటి రెండు రోజులు వాడతారేమో. కొన్నేళ్లు అసలు వాడాల్సిన పనే రాదు. అయినా కట్టారు, కట్టాలి కూడా. ఏడాదిలో రెండు రోజుల కోసం కట్టగలిగినవాళ్లం, ప్రతి ఏడాది తప్పకుండా మూడు నాలుగు నెలలు వచ్చేవాళ్ల కోసం కట్టలేమా? మిర్చి పండే ప్రతి ఊళ్లో పంచాయతీ స్థలంలో ఒక పొడుగాటి షెడ్డు. గదికో తలుపు, లోపల గడియ. నీళ్లు, బాత్‌రూమ్‌లు. డబ్బులు ఎక్కడివి? గుంటూరు యార్డుకి వచ్చే ప్రతి టిక్కీ మీద మార్కెట్ ఫీజు ఒక శాతం వసూలవుతుంది. ఆ టిక్కీలో ప్రతి కాయనీ తెంపింది ఆ చేతులే. ఆ ఒక శాతంలో కొంచెం ఆ చేతులకి వెనక్కి వెళ్తే తప్పేంటి?

కానీ ఒక షరతు. ఆ షెడ్డు ఎక్కడ ఉండాలో, ఎట్లా ఉండాలో ముందు ఆ ఆడవాళ్లని అడగాలి. అడగకుండా కడితే ఏమవుతుందో స్టూవర్టుపురంలో చూశాం. అడిగి సాధించుకుంటే ఏమవుతుందో చీరాలలో చూశాం.

నేను వెళ్లేటప్పుడు ఆ పెద్దావిడని కూడా అడిగాను. "మీకు ఇక్కడ ఏం కావాలమ్మా?" అని. ఇల్లు అంటుందనుకున్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "రాత్రిపూట మా కోడలు నీళ్లు పోసుకునేదానికి ఒక చాటు కావాల నాయనా. ఒక లైటు కావాల" అంది. అంతే. గడియ ఉన్న తలుపు ఒకటి, బల్బు ఒకటి. ఇన్నేళ్ల చట్టాల్లో ఆ రెండూ ఆమె దాకా రాలేదు.

ఆ పాత వీడియో నేను డిలీట్ చేయలేదు. "క్యాంపింగ్" అన్న ముక్క తీసేశాను. అక్కడ ఇప్పుడు ఇట్లా ఉంటుంది: "కోసిగి నుంచి సుగ్గికి వచ్చిన కుటుంబాలు. మీ వంటింట్లో కారం వీళ్లు తెంపిందే." ఆ తమ్ముడికి పంపాను. "సరే అన్నా" అని రిప్లై ఇచ్చాడు. ఏప్రిల్‌లో అమ్మానాయన ఊరికి చేరాక, బీగం తీసిన వాళ్ల ఇంటి గడప ఫోటో పంపాడు. చిన్న ఇల్లు. ముందు వేపచెట్టు. అది వాళ్ల పర్సనల్, అందుకే స్క్రీన్ మీద చూపించడం లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.